ఫిడేలు నాయుడుగారు

గుణుపురం పెద్దలకు విజయనగరం ఏనాడూ పరాయి ఊరు కాదు. 1931లో మన ఊరిదాకా వచ్చిన చిన్న రైలు పర్లాకిమిడి మీదుగా నౌపడ చేరేది. అక్కడ పెద్ద రైలు మారితే చీపురుపల్లి దాటి విజయనగరం. ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయి, పిమ్మట పెద్ద పట్టాల మీద తిరిగి వచ్చింది. 1936 ఏప్రిల్ 1కి పూర్వం జయపురం సంస్థానంలోని మన తాలూకా కూడా విశాఖపట్టణం జిల్లాలోనిదే. ఆనాడు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, సరిహద్దు రేఖ మనకూ విజయనగరానికీ నడుమ వచ్చింది. సరిగ్గా ఆ సంవత్సరమే విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షులైనవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. రేఖకు ఈవల తెలుగులో చదువుకొనే మన బాలబాలికలకు, ఆవలి ఊరి ఆ మహనీయుని కథ తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళి పర్వదినాన, బెంగుళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యంలో ఉద్యోగి. బాల్యం గడిచింది విశాఖపట్టణంలో. దీపాల పండుగనాడు పుట్టిన ఆ బాలునికి చిన్ననాటినుంచీ చూపు మందం. నల్లబల్ల మీది అక్షరం కనబడని పిల్లవానికి బడి ఎంతకాలం సాగుతుంది? చదువు మధ్యలోనే నిలిచిపోయింది. ఇంట్లో అన్నగారు వెంకటకృష్ణయ్యగారికి ఫిడేలు వచ్చు. ఆయనే తమ్మునికి తొలి గురువు. కంటితో పని తక్కువ, చెవితో పని ఎక్కువ అయిన విద్య ఆ బాలునికి దొరికింది.

ఫిడేలును గ్రంథాలలో వాయులీనమని వ్రాస్తారు. మన వైపు నోటికి వచ్చే మాట ఫిడేలే కనుక నేనూ అదే వాడుతున్నాను. ఇది ఐరోపా నుంచి వచ్చిన వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దీనిని మన సంగీతానికి అలవరచిన తొలివారిలో ముఖ్యుడు. ఐరోపావారు నిలబడి, గడ్డం కింద అదిమిపట్టి వాయిస్తారు. మనవారు పీటవేసుకొని కూర్చుని, తల భాగాన్ని కుడిపాదం మీద ఆనించి వాయిస్తారు. ఎడమచేయి తీగ మీద స్వేచ్ఛగా జారడానికి అనువైన కూర్పు అది. ఆ జారుడు లేకపోతే గమకం లేదు, గమకం లేకపోతే రాగం లేదు. వీణకు ఉన్నట్లు దీనికి మెట్లు లేవు. వేలు వెంట్రుకవాసి ఇటు పడినా, అటు పడినా అపస్వరమే. తప్పు చెప్పేది చెవి ఒక్కటే.

1919లో విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను స్థాపించారు. సంస్థానంలోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడు, సంగీతమంటే ప్రాణమిచ్చేవాడు. అతని నిమిత్తమై మహారాజుకు ఈ ఆలోచన కలిగిందని ప్రతీతి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. అప్పటికి ఇరవై ఆరేళ్లయినా నిండని వెంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరుదామని అక్కడికి వెళ్లారట. వారి వాద్యం విన్న పెద్దలు విద్యార్థిగా చేర్చుకోలేదు, ఆచార్యునిగా నియమించారు. చేతిలో పట్టా లేదు, బడి చదువూ పూర్తి కాలేదు. ఒక్క వినికిడితో నిర్ణయం జరిగిపోయింది. ఆ పూట వినవలసినవారు సరిగా వినకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం. నాయుడుగారి ప్రజ్ఞ ఎంత గొప్పదో, దానిని వెంటనే గుర్తించిన పెద్దల చెవులూ అంత గొప్పవని నా అభిప్రాయం.

ఈ రోజులలో మాస్టర్ క్లాసు అనే మాట వింటున్నాము. విద్వాంసుడు ఒక యువకుని చేత వాయింపించి, అందరి ఎదుటా తప్పొప్పులు దిద్దుతాడు. చుట్టూ కూర్చున్నవారు ఒకరి దిద్దుబాటు నుంచి తామూ నేర్చుకొంటారు. పీటర్స్‌బర్గులో లియోపోల్డ్ ఆవర్ ఇటువంటి తరగతులతోనే హైఫెట్జ్ వంటి వాదకులను తీర్చాడు. మన గురుకులాలకు ఇది కొత్త కాదు. ఒకడు సరళీ స్వరాలలో ఉంటే, మరొకడు వర్ణాన్ని మూడు కాలాలలో సాధిస్తుంటాడు. ఇంకొకడు కీర్తనకు వచ్చి ఉంటాడు. చిన్నవాడు పెద్దవాని పాఠం వింటూ ఎదుగుతాడు. భేదం కాలంలోనే ఉంది. అక్కడ కొన్ని దినాలు, ఇక్కడ ఏళ్లు. కొద్దిదినాల శిక్షణలో కమాను పట్టు సరిదిద్దవచ్చు, కొత్త ఉత్సాహం నింపవచ్చు. చెవి తయారు కావడానికి మాత్రం ఏళ్లే కావాలి.

విజయనగరంలో ఆ ఏళ్లు సుఖంగా గడిచేవని అనుకోరాదు. సంగీతం నేర్చుకోవడానికి ఆ ఊరు చేరిన బాలుడు ఘంటసాల వెంకటేశ్వరరావు మధూకరం ఎత్తి, ఇంటింటా దొరికిన అన్నంతో చదువుకొన్నాడు. గాత్రంలో ఆయనకు గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారు. ఆ కాలంలో కళాశాలకు అధ్యక్షులు నాయుడుగారే. 1940లో చేరిన నేదునూరి కృష్ణమూర్తిగారు ద్వారం నరసింగరావు నాయుడుగారి వద్ద గాత్రమూ ఫిడేలూ అభ్యసించారు. 1991లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకొన్నారు.

ఆ బిరుదు నాయుడుగారికి 1941లోనే లభించింది. అప్పటికి ఫిడేలు పక్కవాద్యం. గాయకుడు ముందు నడిస్తే నీడవలె వెనుక నడవడం దాని ధర్మం. నాయుడుగారు పక్కవాద్యంగా అసమానులే అయినా, ఫిడేలును సభ నడుమ కూర్చుండబెట్టారు. 1938లో వేలూరులో వారు చేసిన కచేరీయే తొలి ఫిడేలు సోలో కచేరీ అని చెప్పుకొంటారు. వారి సమకాలికులు మైసూరు చౌడయ్యగారు పెద్ద సభలలో నాదం వినబడాలని ఏడు తీగల ఫిడేలు చేయించుకొన్నారు. నాయుడుగారు నాలుగు తీగలతోనే తృప్తి చెందారు. పాశ్చాత్యుల వాద్యాన్ని వారు శ్రద్ధగా విన్నారు. అక్కడి నుంచి స్వీకరించినది బాణీ కాదు, కమాను మీది అదుపు. కమానును నిడివిగా నడిపి, నాదాన్ని తెగనీయక, మనిషి గొంతు పాడుతున్నట్లే పలికించారు. గ్రామఫోను రికార్డులలో ఆ నాదం నిలిచి ఉంది. ఒక్కటి వింటే నేను వ్రాసిన ఈ పేరా అనవసరమనిపిస్తుంది.

1952లో జగద్విఖ్యాత వాదకుడు యెహుదీ మెనుహిన్ భారతదేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాద్యం విని ముగ్ధుడయ్యాడు. అదే మెనుహిన్ 1963లో ఇంగ్లండులో బాలబాలికలకోసం సంగీత పాఠశాల స్థాపించాడు. పిల్లలు అక్కడే నివసిస్తూ సామాన్య విద్యతో పాటు సంగీతం సాధన చేస్తారు. విజయనగరపు ఆలోచన అంతకు నలభై నాలుగేళ్లు ముందుది!

1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. సన్మానాల పట్టిక ఇంకా పెంచవచ్చు గాని, నాకు అంతకన్న పెద్దదిగా తోచే విషయం వేరొకటి ఉంది. కర్ణాటక సంగీతానికి సభలు, పత్రికలు, ధనం అన్నీ మద్రాసులో ఉన్న కాలమది. కీర్తి శిఖరాన ఉండి కూడా ఆయన దశాబ్దాల పాటు విజయనగరాన్ని విడువక, పిల్లలకు స్వరస్థానాలు దిద్దుతూ కూర్చున్నారు. కుమారుడు భావనారాయణరావుగారూ, కుమార్తె మంగతాయారుగారూ ఆ విద్యనే అందుకొని విద్వాంసులయ్యారు.

1964 నవంబరు 25న హైదరాబాదులో నాయుడుగారు కీర్తిశేషులయ్యారు. శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలా శాఖ వారి స్మృతి చిహ్నంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. విశాఖ సముద్రతీరాన వారి విగ్రహం ఉంది. విజయనగరం కళాశాలకు 2019లో నూరేళ్లు నిండాయి.