కోపానికి రూపమిచ్చిన కిర్బీ

కోపమొస్తే ఒంట్లోకి ఎక్కడలేని బలం వస్తుందంటారు. ఆ మాటకు ఆకుపచ్చ రంగు పూసి, చిరిగిన ప్యాంటు తొడిగి నిలబెడితే హల్క్. తెలుగు డబ్బింగ్‌లో హల్క్‌ను చూసి ఈలలేసిన మనలో చాలామందికి, ఆ బొమ్మ మొదట ఎవరి పెన్సిల్‌ నుంచి వచ్చిందో తెలియదు. ఆయన పేరు జాక్ కిర్బీ. హల్క్ ఒక్కడే కాదు, కోపంతో ఊగిపోయే మరో ఇద్దరు వీరులకూ ఆయనే ప్రాణం పోశారు. ఆ ముగ్గురి బలాలు, బలహీనతలు పక్కపక్కన పెట్టి చూస్తే కిర్బీ జీవితమే కనిపిస్తుంది.

వీధి నేర్పిన పాఠం

కిర్బీ 1917 ఆగస్టు 28న న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో పుట్టారు. అసలు పేరు జాకబ్ కర్ట్జ్‌బర్గ్. అమ్మానాన్నలు ఆస్ట్రియా నుంచి వలస వచ్చిన యూదులు. నాన్న బెంజమిన్ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఇరుకు ఇళ్లు, చాలీచాలని సంపాదన. ఈ వీధి పిల్లలకూ పక్క వీధి పిల్లలకూ రోజూ కొట్లాటే. పొట్టిగా ఉండే జాకబ్ దెబ్బలు తింటూనే తిరిగి కొట్టడం నేర్చుకున్నాడు. మనిషి ఒళ్లు ఎలా వంగుతుంది, గుద్దు తగిలినవాడు ఎలా పడతాడు అన్నవి అక్కడే కళ్లారా చూశాడు.

బొమ్మలు మాత్రం ఎవరూ నేర్పలేదు. దినపత్రికల్లో వచ్చే కార్టూన్లు చూసి తనే గీసుకున్నాడు. ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినా వారం రోజులకే బయటికొచ్చేశాడు. కొన్నాళ్లు ఫ్లైషర్ స్టూడియోలో పొపాయ్ కార్టూన్లకు పనిచేశాడు. ఒక కదలికకూ ఇంకో కదలికకూ మధ్య వచ్చే బొమ్మలు గీయడమే అక్కడ ఉద్యోగం. అది తన నాన్న పనిచేసే ఫ్యాక్టరీలాగే ఉందనిపించి మానేశాడు.

హిట్లర్ దవడ మీద ఒక్కటి

తర్వాత జో సైమన్ అనే మిత్రుడితో జతకట్టి కిర్బీ కెప్టెన్ అమెరికాను సృష్టించారు. 1941 మార్చి తేదీతో వచ్చిన మొదటి సంచిక అట్ట మీద కెప్టెన్ అమెరికా హిట్లర్ దవడ పగలగొడుతుంటాడు. అప్పటికి అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగనే లేదు! నాజీ అభిమానుల నుంచి బెదిరింపులు వచ్చినా ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. కానీ పుస్తకం లాభాల్లో తమకు రావాల్సిన వాటా సరిగా రావడం లేదని తెలిసి, ఏడాది తిరక్కుండానే వేరే సంస్థకు వెళ్లిపోయారు.

1943లో కిర్బీకి సైన్యం నుంచి పిలుపొచ్చింది. 1944 ఆగస్టులో ఫ్రాన్స్‌లో అడుగుపెట్టారు. బొమ్మలు వేస్తారని తెలిసి, శత్రువుల దగ్గరిదాకా వెళ్లి ఆ ప్రాంతం పటాలు గీసుకొచ్చే పని అప్పగించారు. ప్రాణాలతో చెలగాటమన్నమాట. ఆ చలికాలం కాళ్లు గడ్డకట్టి, దాదాపు తీసేయాల్సిన పరిస్థితి వచ్చింది. బతికి బయటపడి 1945లో ఇంటికి చేరారు.

ఇద్దరు కోపిష్ఠులు

1950ల్లో కామిక్స్ వ్యాపారం కుదేలైంది. పని వెతుక్కుంటూ కిర్బీ 1958లో, తర్వాత మార్వెల్‌గా మారిన సంస్థకే తిరిగొచ్చారు. ఇంటి కింద నేలమాళిగలో బల్ల వేసుకుని రాత్రుళ్లు గీసేవారు. 1960ల మొదట్లో ఏడాదికి వెయ్యి పేజీలకు పైగా గీశారు. అప్పుడు పుట్టినవాళ్లే థింగ్, హల్క్. ఎడిటర్ స్టాన్ లీతో కలిసి చేసిన పని ఇది. ఎవరి వాటా ఎంతన్న దాని మీద ఇద్దరికీ చివరిదాకా మాట కలవలేదు.

1961లో ఫెంటాస్టిక్ ఫోర్‌తో వచ్చిన థింగ్ అసలు పేరు బెన్ గ్రిమ్. పూర్తి పేరు బెంజమిన్ జాకబ్ గ్రిమ్. బెంజమిన్ కిర్బీ నాన్న పేరు, జాకబ్ ఆయన సొంత పేరు. కిర్బీలాగే బెన్ కూడా బీద వీధిలో ముఠా కొట్లాటల మధ్య పెరిగినవాడే. ఒళ్లంతా రాయిలా మారిపోయిన మనిషి. కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే అతని బలం కోపాన్ని బట్టి పెరగదు, తరగదు. అది ఎప్పుడూ ఒంట్లోనే ఉంటుంది, తెలివీ ఎక్కడికీ పోదు. అతని బాధల్లా ఒక్కటే. బ్యానర్‌లాగా మళ్లీ మామూలు మనిషి కావడం అతని చేతుల్లో లేదు.

1962లో వచ్చిన హల్క్ లెక్క వేరు. గామా బాంబు పరీక్ష జరిగే చోటికి వచ్చేసిన ఓ కుర్రాణ్ని కాపాడబోయి, బ్రూస్ బ్యానర్ అనే శాస్త్రవేత్త ఆ కిరణాలకు చిక్కుతాడు. మొదటి సంచికలో హల్క్‌ది బూడిద రంగు. అచ్చులో అది సరిగా కుదరక రెండో సంచికకే ఆకుపచ్చ అయ్యాడు. అప్పట్లో చీకటి పడితే మారిపోయేవాడు. ఆరు సంచికలకే పుస్తకం ఆగిపోయింది. ఆవేశమొస్తే హల్క్ అవుతాడన్న సూత్రం 1964లో, స్టీవ్ డిట్కో గీసిన కథల్లో స్థిరపడింది. అయితే కారు కింద చిక్కుకున్న బిడ్డ కోసం ఓ తల్లి ఆ కారునే పైకెత్తడం చూశాకే తనకీ ఆలోచన వచ్చిందని కిర్బీ చెప్పుకునేవారు.

ఎంత కోపమొస్తే అంత బలం. పైన హద్దంటూ లేదు. పోరాటం సాగేకొద్దీ అవతలివాడు అలసిపోతే హల్క్ ఇంకా బలపడతాడు. ఈ విషయంలో థింగ్ అతని ముందు నిలవలేడు. కానీ కోపం దిగగానే హల్క్ బలమూ దిగిపోతుంది. తనవాడెవరో పగవాడెవరో ఆ ఊపులో తెలియదు. మెలకువ వచ్చేసరికి బ్యానర్ చిరిగిన బట్టలతో ఎక్కడో పడుంటాడు. జరిగిన నష్టానికి లెక్క చెప్పాల్సింది మాత్రం అతనే.

కోపాన్ని దాచుకున్నవాడు

తాను సృష్టించినవాటికి తగిన పేరూ డబ్బూ రాలేదన్న అసంతృప్తితో 1970లో కిర్బీ మార్వెల్‌ వదిలేశారు. పోటీ సంస్థ డీసీలో 1971లో న్యూ గాడ్స్ మొదలుపెట్టారు. అందులో వీరుడు ఓరియన్. పరమ దుర్మార్గుడైన డార్క్‌సైడ్ కొడుకు. సంధి కోసం చిన్నప్పుడే శత్రువుల లోకానికి పంపేస్తే, అక్కడ మంచివాళ్ల మధ్య పెరిగాడు. తండ్రి నుంచి వచ్చిన కోపం నరనరానా ఉంటుంది. ఆ కోపంతో వికృతమయ్యే ముఖాన్ని మదర్ బాక్స్ అనే యంత్రం శాంతంగా కనిపించేలా చేస్తుంది.

ముగ్గురిలో గురి ఉన్న కోపం ఓరియన్‌దే. ఎవరి మీద, ఎందుకు యుద్ధం చేస్తున్నాడో అతనికి తెలుసు. అది పెద్ద బలం. కాకపోతే యుద్ధం మొదలయ్యాక ఎక్కడ ఆపాలో తెలియదు. లైట్‌రే అనే స్నేహితుడు పక్కనుండి పగ్గం లాగుతుండాలి. ఈ కథ కిర్బీ అనుకున్నట్టు ముగియలేదు. 11 సంచికలకే 1972లో పుస్తకాన్ని ఆపేశారు.

కాగితం మీద లేని హక్కు

కిర్బీ పేజీకి ఇంతని తీసుకుని పనిచేశారు. పాత్రల మీద హక్కులన్నీ కంపెనీవే అయ్యాయి. 1980ల్లో, తాను గీసిన అసలు పేజీలైనా తిరిగివ్వమని అడిగారు. మిగతా చిత్రకారులకు మార్వెల్ ఒక పేజీ పత్రం పంపితే, ఆయనకు నాలుగు పేజీల షరతులు పంపింది. తోటి చిత్రకారులు, పాఠకులు ఆయన వైపు నిలబడ్డారు. చివరికి 1987లో తిరిగొచ్చినవి దాదాపు 2 వేల పేజీలు. ఆయన ఆ సంస్థకు గీసినవి 10 వేలకు పైమాటే.

1994 ఫిబ్రవరి 6న కాలిఫోర్నియాలో, 76 ఏళ్ల వయసులో కిర్బీ కన్నుమూశారు. హక్కుల కోసం ఆయన పిల్లలు న్యాయపోరాటానికి దిగారు. 2011లో, మళ్లీ 2013లో కోర్టులు కంపెనీ వైపే తీర్పిచ్చాయి. సుప్రీంకోర్టు ఈ కేసు తీసుకోవాలా వద్దా అని చూడబోతుండగా, 2014లో ఇరుపక్షాలూ రాజీకొచ్చాయి.

మరి ముగ్గురిలో ఎవరు గొప్ప? కండబలం చూస్తే హల్క్. గురి చూస్తే ఓరియన్. కానీ రోజూ పొద్దున్నే లేచి పనికెళ్లాల్సిన మనలాంటివాళ్లకు దగ్గరివాడు థింగే. అతనికీ కోపముంది, కానీ పని చేసిపెట్టేది అతని స్థిరత్వం. కిర్బీ కూడా అంతే. వీధిలో, యుద్ధంలో మిగిలిన ఆవేశాన్ని ఎవరి మీదా విసరకుండా రాత్రి తర్వాత రాత్రి బల్ల మీద పేజీలుగా మార్చారు. అది ఆయన బలం. పని మొదలుపెట్టే ముందు హక్కుల సంగతి రాతలో పెట్టించుకోకపోవడం ఆయన్ను చివరిదాకా వెంటాడిన బలహీనత. కోపం వచ్చేనాటికి కాగితాలన్నీ అవతలివాళ్ల బీరువాలో ఉన్నాయి.

డిజైన్, యానిమేషన్, రచన, కోడింగ్... మీరు ఏ ఫ్రీలాన్స్ పని ఒప్పుకున్నా డబ్బెంత అన్నదాంతో పాటు, పూర్తయ్యాక అది ఎవరిదవుతుందో, పేరెవరిది పడుతుందో కూడా ముందే అడగండి. ఆ ప్రశ్నకు హల్క్ కండలు అక్కర్లేదు, సంతకం పెట్టే ముందు పది నిమిషాలు చాలు.