మోకాళ్లూనిన గణితాచార్యుడు: ఢిల్లీ యేసుదాసు రామచంద్ర

ఢిల్లీ నగరమున కశ్మీరీ గేటు చెంత, పసుపువన్నె గోడలతోను గొప్ప గుమ్మటముతోను నిలిచియున్న సెయింట్ జేమ్స్ దేవాలయమును చూచినవారు మన తెలుగువారిలో అనేకులు కలరు. జేమ్స్ స్కిన్నర్ అను సేనాని తన స్వంత ధనముతో కట్టించిన ఆ ఆలయము 1836వ సంవత్సరమున ప్రతిష్ఠింపబడెను. 1852 జూలై 11వ తేదీ ఆదివారమున ఆ ఆలయములో ఇద్దరు హిందువులు బాప్తిస్మము పొందిరి. ఒకరు వైద్యుడైన చిమన్ లాల్. రెండవవారు ఢిల్లీ కళాశాలలో శాస్త్రములు బోధించుచుండిన రామచంద్ర. పేదవారో, దిక్కులేనివారో మతము మార్చుకొనిరని నగరము సరిపెట్టుకొనుటకు వీలులేకపోయెను. ఇద్దరును విద్యావంతులు, గౌరవనీయులు. అందుచేతనే ఆ దినమున ఢిల్లీ అంతగా కలవరపడెను.

రామచంద్ర 1821లో పానిపట్టునందు కాయస్థ కుటుంబమున జన్మించెను. తండ్రి సుందర్ లాల్ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. రామచంద్రకు పదియేండ్ల ప్రాయము వచ్చునప్పటికే తండ్రి మరణించెను. ఆరుగురు కుమారులను పెంచు భారము తల్లిపై పడెను. పదకొండవ యేట అతనికి ధనవంతుల ఇంటి పిల్లనిచ్చి వివాహము చేసిరి. ఆ బాలికకు వినికిడియు మాటయు లేవని పెండ్లి అయిన తరువాతనే తెలిసెను. తండ్రి లేని బాలునికి ఇంతటి సంసార భారము ఆ లేత వయస్సులోనే ప్రాప్తించెను. 1833లో అతడు ఢిల్లీలోని ఇంగ్లీషు పాఠశాలలో చేరెను. చదువు ముగిసిన పిమ్మట కొంతకాలము గుమాస్తాగా పనిచేసి, మరల విద్యార్థియై, 1844లో ఢిల్లీ కళాశాల ప్రాచ్య విభాగమున పాశ్చాత్య శాస్త్రముల ఉపాధ్యాయుడుగా నియమింపబడెను.

ఆ కళాశాలలో గణితము, ఖగోళము, ప్రకృతి శాస్త్రములు ఉర్దూ భాషలోనే బోధించెడివారు. ఇది ఆ కాలమున అరుదైన సంగతి. రామచంద్ర పాఠ్యగ్రంథములను అనువదించెను. ఫవాయిదున్నాజిరీన్, ముహిబ్బె హింద్ అను పత్రికలు నడిపి, నూతన విజ్ఞానమును సామాన్య పాఠకుల వాకిటికి తెచ్చెను. అతని శిష్యులలో నజీర్ అహ్మద్, జకావుల్లా, ముహమ్మద్ హుసేన్ ఆజాద్ వంటివారు తరువాత ఉర్దూ సాహిత్యమునకు స్తంభములైరి.

1850లో అతడు గరిష్ఠ కనిష్ఠములను గూర్చిన గణిత గ్రంథమొకటి ఇంగ్లీషున వ్రాసి, స్వంత ఖర్చుతో కలకత్తాలో అచ్చు వేయించెను. ఒక రాశి ఎంతవరకు పెరుగగలదు, ఎంతవరకు తరుగగలదు అను ప్రశ్నలకు పండితులు కలన గణితమును ప్రయోగించెదరు. రామచంద్ర దానిని విడిచి, భాస్కరాచార్యుని కాలమునుండి మన దేశమునకు పరిచితమైన బీజగణితముతో, ముఖ్యముగా వర్గ సమీకరణములతో, ఆ లెక్కలు సాధించి చూపెను. మంచి పనిముట్టు ఉండగా ఈ చుట్టుదారి ఏల యని కలకత్తా విమర్శకులు పెదవి విరిచిరి. బెథూన్ దొర మాత్రము ఒక ప్రతిని లండనులోని గణితాచార్యుడు డి మోర్గాన్‌కు పంపెను. ఆయన ఆ గ్రంథమునందు భారతదేశపు స్వంత గణిత ప్రతిభ తిరిగి మేల్కొనుటను గుర్తించి, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు సిఫారసు చేసెను. రామచంద్రకు గౌరవ వస్త్రములును, 2,000 రూపాయల బహుమానమును లభించెను. డి మోర్గాన్ వ్రాసిన పీఠికతో ఆ గ్రంథము 1859లో లండనులో పునర్ముద్రణ పొందెను. రామచంద్ర తన జీవితమును గూర్చి వ్రాసి పంపిన వృత్తాంతము కూడ ఆ పీఠికయందే చేరియున్నది. అతని హృదయములో జరిగిన మార్పు మనకు తెలియుట అందువలననే.

యౌవనమున అతడు పితరుల ఆచారములయందు విశ్వాసము కోల్పోయెను. క్రైస్తవ మార్గమును వెదకెనా యనిన, అదియు లేదు. లోకమును సృజించిన దేవుడొకడు ఉన్నాడనియు, మనుష్యుని బుద్ధియు మనస్సాక్షియు చాలుననియు, గ్రంథముపై ఆధారపడిన మతము చదువుకొనినవానికి అక్కరలేదనియు అతని తలంపు. విద్యాధికులైన ఆంగ్లేయులు సైతము లోలోపల ఇట్లే తలంచుచు, పైకి మాత్రము ఆచారముగా దేవాలయమునకు పోవుచున్నారని అతడు నమ్మెను.

ఇట్టి దేవుని ఒప్పుకొనుట సులభమే. లెక్కకు తొలి హేతువువలె ఆయన ఒకచోట ఉండును. అయితే ఆకలిగొనిన బిడ్డ తండ్రిని అడిగినట్లు అట్టి దేవుని ఎవరు అడుగుదురు? తప్పుచేసిన బిడ్డ తల్లి కొంగు పట్టుకొని ఏడ్చినట్లు ఎవరు ఏడ్తురు? ప్రభువు ఒక చిన్నబిడ్డను శిష్యుల మధ్య నిలువబెట్టినప్పుడు ఆ శిష్యులకు కలిగిన ఇబ్బందియే ఢిల్లీ ఉపాధ్యాయునికిని కలిగియుండవచ్చును.

ఒక దినమున ఒక మిత్రుడు ఆంగ్లేయుల ఆరాధన ఎట్లుండునో చూపుటకు అతనిని దేవాలయమునకు పిలిచెను. వేడుక చూచుటకే రామచంద్ర వెళ్లెను. అచ్చట అతనికి పరిచయమున్న దొరలు కొందరు కనబడిరి. వారు జ్ఞానవంతులని, వివేకులని అతడు గౌరవించినవారే. వారు మోకాళ్లూని, తలలు వంచి, నిజముగా ప్రార్థించుచుండిరి. అతని భ్రమ అక్కడ తొలగెను. ప్రసంగమేమి జరిగెనో, ఏ కీర్తన పాడిరో అతడు చెప్పలేదు. వాదముచేత ఎవరును అతనిని జయింపలేదు. చదువుకొనినవారు దేవుని యెదుట పసిబిడ్డలవలె మోకరించుట చూచెను, అంతే. పరిశుద్ధ గ్రంథమును చదువవలెనను కోరిక అప్పుడే పుట్టెను. కళాశాల ప్రధానాచార్యుడు టేలర్ దొర ప్రోత్సాహమున అతడు ముందుగా క్రొత్త నిబంధనను శ్రద్ధతో చదివెను.

నమ్మకము కలిగిన వెంటనే బాప్తిస్మమునకు రాలేదు. కులము పోవును, బంధువులు వెలివేయుదురు, వృద్ధురాలైన తల్లి దుఃఖించును. ఈ భయములు చిన్నవి కావు. అదే 1852లో మన మచిలీపట్టణమున నోబుల్ దొరగారి పాఠశాలలో మంచాల రత్నము, ఐనాల భూషణము అను యువకులు బాప్తిస్మము పొందినప్పుడు, తలిదండ్రులు తమ పిల్లలను బడి మాన్పించిన సంగతి తెలుగు సంఘములు ఎరిగినదే. ఢిల్లీలో మూల్యము ఇంతకు తక్కువ కాదు. చాప్లిన్ జెన్నింగ్స్ దొర చేత బాప్తిస్మము పొందిన దినమునుండి ఆ కాయస్థ పండితుడు యేసుదాసు రామచంద్ర అయ్యెను. పేరు కలవాడు దాసుడను పేరు ధరించెను.

అయిదేండ్లు గడచెను. 1857 మే 11వ తేదీన మీరటు సిపాయిలు ఢిల్లీలో ప్రవేశించిరి. ఆనాడే చిమన్ లాల్ హతుడయ్యెను. సెయింట్ జేమ్స్ ఆలయమున ఆయన జ్ఞాపకార్థము ఒక ఫలకము కలదు. జెన్నింగ్స్ దొరయు, టేలర్ దొరయు ఆ దినములలోనే ప్రాణములు కోల్పోయిరి. రామచంద్రకొరకు కూడ వెదకిరి. తనవారు అతనిని దాచిరి. పిమ్మట మారువేషముతో, నమ్మకమైన సేవకుని సహాయమున, అతడు నగరము వెలుపలి పల్లెకు తప్పించుకొని, అచ్చటనుండి ఆంగ్లేయుల శిబిరమును చేరెను.

అతనికి మరింత కఠినమైన శోధన కలహము అణగిన తరువాత వచ్చెను. సెప్టెంబరులో ఆంగ్ల సేనలు నగరమును పట్టుకొనిన పిమ్మట, అతడు కొల్లసొమ్ము అధికారుల క్రింద ప్రాచ్య గ్రంథములను సేకరించు పనిలో నియమింపబడెను. చేతిలో అనుమతి పత్రమున్నను, వీధిలో నడచునప్పుడు సైనికులు అతనిపై మట్టిగడ్డలు రువ్విరి. ఒక దొర కర్రతో తలపై కొట్టెను. తాను క్రైస్తవుడనని మొరపెట్టుకొనినను, శరీరవర్ణమును ఎగతాళి చేసెనే గాని కనికరింపలేదు. నవంబరు నెలలో రామచంద్ర సైనిక గవర్నరు కర్నల్ బర్న్‌కు విజ్ఞాపన వ్రాసెను. తిరుగుబాటుదారుల చేతిలో ప్రాణభయము కలిగినప్పుడు, విశ్వాసము నిమిత్తము శ్రమపడుచున్నామను ఓదార్పు ఉండెననియు, స్వంత మతస్థుల చేతిలో దెబ్బలు తినువానికి ఆ ఓదార్పు సైతము లేదనియు దాని తాత్పర్యము. మోకరించిన దొరలను చూచి ప్రభువునొద్దకు వచ్చినవానిని, దొరలే వీధిలో కొట్టిరి! అతని విశ్వాసము ఆ దొరలమీదనే ఆనుకొనియున్నయెడల ఆ నవంబరులో కూలిపోవలసినదే. కూలలేదు. బిడ్డవలె నమ్మినవాడు బాధను దాచుకొనలేదు కూడ. తగిన అధికారికి తన ఫిర్యాదును నిర్భయముగా తెలిపి, తన పని తాను చేసికొనుచుండెను.

1858లో రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో కొంతకాలము బోధించి, ఆ సంవత్సరమే ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడై తిరిగివచ్చెను. 1863లో కలన గణితముపై మరియొక గ్రంథము ప్రకటించెను. ఆరోగ్యము చెడి 1866లో ఉద్యోగము విడిచిన తరువాత పటియాలా సంస్థానమున రాజునకు గురువుగాను, 1870 మొదలు విద్యాశాఖాధికారిగాను పనిచేసెను. ఆ యేండ్లలో అతడు ఇస్లామునకు ప్రతిగా వ్రాసిన వాదగ్రంథములు కొన్ని కలవు. వాటి పరుషత్వము ఈనాటి చదువరికి రుచింపదు. దేవునియెదుట బిడ్డయైనవాడు వాదమునందు ఎల్లప్పుడు బిడ్డగా ఉండలేకపోయెననుట సత్యము.

1880లో రామచంద్ర కన్నుమూసెను. మరుసటి యేడు ఢిల్లీలో సెయింట్ స్టీఫెన్స్ కళాశాల స్థాపింపబడెను. 1904లో అచ్చటికి ఉపాధ్యాయుడుగా వచ్చిన సి. ఎఫ్. ఆండ్రూస్, వృద్ధుడైన మౌల్వీ జకావుల్లాతో స్నేహము చేసి, తరువాత ఆయన జీవిత చరిత్రను వ్రాసెను. ఇస్లాము మతమునందే స్థిరముగా నిలిచిన ఆ వృద్ధుడు 1910లో మరణించువరకు, తనకు బాల్యమున లెక్కలు నేర్పిన క్రైస్తవ గురువును ప్రేమతోను గౌరవముతోను తలంచుకొనుచుండెను.