జార్జి సైమన్ ఓము

విద్యుత్తును గూర్చి మేము నల్లబల్లపై వ్రాయు మొదటి సూత్రములలో ఓము నియమ మొకటి. విద్యార్థులు దానిని నిమిషములో కంఠస్థము చేయుదురు. కాని దానిని కనుగొనినవాడు మావలెనే పాఠశాలోపాధ్యాయుడనియు, తొలుత తప్పు నియమమును ప్రకటించి పిమ్మట తానే దిద్దుకొనెననియు నెఱిగినవారు తక్కువ. కావున నాతని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఓము 1789 సం. మార్చి 16 తేదీన జర్మనీయందలి ఎర్లాంగెను పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడయ్యును, స్వయంకృషిచే గణితము నేర్చి కుమారులకు బోధించెను. ఓము 1811లో డాక్టరు పట్టమునొంది, 1817లో కొలోను నగరపు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడై, అచ్చటి పరికరములతో పరిశోధనలు సాగించెను.

1825లో ఆతడు ప్రకటించిన నియమము సరికాదు. ఏలయన, ఆతడు వాడిన ఘటమాల బలము స్థిరముగా నిలువలేదు. పొగ్గెండార్ఫు పండితుని సలహాపై దానిని విడిచి, బిస్మతు, రాగి లోహముల జంటను గైకొనెను. ఒక యతుకును మఱుగు నీటియందును, వేఱొక దానిని మంచునందును ఉంచగా బలము స్థిరపడెను. వేర్వేఱు పొడవుల తీగలను జేర్చి, అయస్కాంత సూచి సాయమున ప్రవాహమును కొలిచెను. బలమును మొత్తము నిరోధముచే భాగించిన ప్రవాహము తెలియుననియు, ఆ మొత్తమున తీగ నిరోధమేగాక తక్కిన వలయపు నిరోధమును జేరుననియు 1826లో తేల్చెను.

ఉదాహరణమునకు, 6 వోల్టుల ఘటమున లోపలి నిరోధము 1 ఓము, తీగ నిరోధము 2 ఓములు అనుకొందము. మొత్తము 3 ఓములు గనుక ప్రవాహము 2 ఆంపియర్లు. తీగ కొనల మధ్య 4 వోల్టులే యుండును. తక్కిన 2 వోల్టులు ఘటములోనే వ్యయమగును. మా విద్యార్థులు తఱచు మఱచునది ఈ లోపలి నిరోధమునే.

1827లో వెలువడిన ఆతని గ్రంథమునకు స్వదేశమున తగిన ఆదరణ లభింపలేదు. ఆశించిన విశ్వవిద్యాలయ పదవియు రాలేదు. కొలోను ఉద్యోగమును విడిచి, కొన్నేండ్లు చిన్న పనులతో గడపి, 1833లో నూరెంబెర్గు సాంకేతిక విద్యాలయమున చేరెను. 1841లో లండను రాయల్ సొసైటీవారు కోప్లే పతకమిచ్చిరి. మ్యూనికు విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి 1852లో, అనగా 63వ యేట దొరకెను. 1854 జూలై 6 తేదీన ఆతడు మరణించెను. 1881లో పారిసున కూడిన విద్యుచ్ఛాస్త్రజ్ఞులు నిరోధపు కొలమానమునకు ఆతని పేరుంచిరి.

విద్యార్థులారా, లెక్క తప్పినపుడు సిగ్గుపడి పలక దాచకుడు. తప్పెక్కడనో వెదకుడు. ఓము చేసినది అదియే.