చెట్టు పొరలలో కాలాన్ని చదివిన డగ్లస్

రాయలసీమ పెద్దలు కాలాన్ని కరువులతోను, వరదలతోను లెక్కించేవారు. 1876-78 నాటి ధాత కరువుకు ముందా, తరువాతా అని అడిగితే తాతల పుట్టుక సైతం తేలిపోయేది. మనుషులవలెనే చెట్లు కూడా కరువును జ్ఞాపకముంచుకుంటాయనీ, ఆ జ్ఞాపకం ఏ సంవత్సరానిదో నిర్ణయించవచ్చుననీ నిరూపించినవారు ఆండ్రూ ఎల్లికాట్ డగ్లస్. మన కర్నూలు, కడప సీమలవలెనే వాననీటికి మొగమువాచిన ప్రాంతంలో ఆయన కృషి ఫలించింది. కనుకనే వారి చరిత్రను పాఠకుల ముందుంచుతున్నాము.

డగ్లస్ 1867 జూలై 5న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జన్మించారు. ఆయన వృక్షశాస్త్రజ్ఞులు కారు, ఖగోళశాస్త్రజ్ఞులు. 1894లో పెర్సివల్ లోవెల్ అనే ధనికుని వేధశాలకు అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో స్థలం ఎంపిక చేసి, అక్కడనే పనిలో చేరారు. అంగారక గ్రహంపై ఎవరో కాలువలు త్రవ్వారని లోవెల్ దృఢంగా నమ్మేవారు. డగ్లస్ కృత్రిమ గోళాలను దూరాన నిలిపి దుర్భిణితో పరిశీలించి, ఆ గీతలలో కొన్ని కంటి భ్రమలు కావచ్చునని శంకించారు. ఆ శంకను లోవెల్ బావగారికి లేఖలో వ్రాశారు. విషయం యజమాని చెవిన పడింది. 1901లో ఉద్యోగం పోయింది. జీతమిచ్చే వారి నమ్మకాన్ని ప్రశ్నించడం ఏ కాలంలోనైనా ఖరీదైన పనే! ఆ పిమ్మట కొంతకాలం ఆయన ఫ్లాగ్‌స్టాఫ్‌లోనే న్యాయాధికారిగాను, స్పానిష్ ఉపాధ్యాయునిగాను జీవనం సాగించి, 1906లో టూసాన్‌లోని అరిజోనా విశ్వవిద్యాలయంలో చేరారు.

సూర్యునిపై మచ్చలు సుమారు 11 ఏండ్లకొకసారి పెరిగి తగ్గుతాయి. వాటికీ వర్షానికీ సంబంధమున్నదా అన్నది డగ్లస్ ప్రశ్న. వర్షపు లెక్కలు కొద్ది దశాబ్దాలకే ఉన్నాయి. కాని ఎండు నేలలో చెట్టు తడి ఉన్న ఏడు వెడల్పైన పొరను, తడి లేని ఏడు సన్నని పొరను వేసుకుంటుంది. 1904 నుండి ఆయన కలప అడితీలలో మొద్దుల కోతలను కొలవసాగారు. 1911లో ఫ్లాగ్‌స్టాఫ్ చెట్ల పొరల వరుస, సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న ప్రెస్కాట్ చెట్లలోనూ అదే క్రమంలో కనిపించింది. ఈ పోలికయే ఆయన శాస్త్రానికి పునాది. ఏలయనగా, ఘోరమైన కరువులో చెట్టు ఒక ఏటి పొరను అసలు వేయకపోవచ్చు. ఒక్క చెట్టునే నమ్మి లెక్కించినవాడు మోసపోతాడు.

1929 జూన్ 22న షోలో అనే ఊరిలో సగం కాలిన దూలమొకటి దొరికింది. దాని పొరలు 1237 నుండి 1380 వరకు సాగి, బ్రతికిన చెట్ల వరుసను శిథిల గృహాల దూలాల వరుసతో కలిపాయి. ప్వెబ్లో బొనీటో వంటి ప్రాచీన నివాసాల వయస్సు ఆనాటితో తేలింది. సూర్యుని మచ్చలను గూర్చిన ఆయన ఆశ మాత్రం అంత నిర్వివాదంగా నెరవేరలేదు. వెదికినది ఒకటి, దొరికినది వేరొకటి. 1937లో ఆయన స్థాపించిన వృక్షవలయ పరిశోధనాలయం దశాబ్దాల తరబడి ఫుట్‌బాల్ క్రీడాప్రాంగణపు మెట్ల క్రిందనే నడిచినదంటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. డగ్లస్ 1962 మార్చి 20న మరణించారు.

ఆయన పంచాంగాన్ని ఇతరులు కొండవాగులకు అన్వయించారు. ఫిన్లాండుకు చెందిన అలెస్టాలో 1971లో ఈ పద్ధతిని విపులంగా వివరించారు. కుంభవృష్టి వేళ బండరాళ్లు, బురద, మొద్దులు కలగలిసి వాగు వెంట దూకినప్పుడు ఒడ్డునున్న చెట్టు బెరడు చీలుతుంది. ఆ గాయం ఆ ఏటి పొరలోనే నిలిచిపోతుంది. చెట్టు ఒరిగితే పొర ఒకవైపు మందమవుతుంది. మొదలు బురదలో పూడితే పొరలు ఒక్కసారిగా సన్నబడతాయి. ఒకే ఏడాది పలు చెట్లలో ఈ గుర్తులు కనబడితేనే ప్రవాహం వచ్చినట్లు అంగీకరిస్తారు. స్విట్జర్లాండులోని రిటిగ్రాబెన్ వాగు చరిత్రను ఈ విధంగా 1566 వరకు వెనుకకు చదివారు.

2021 నవంబరు 19న, అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి గ్రామాలను ముంచింది. అది రాళ్ల ప్రవాహం కాదు, వరద. అయినను ప్రశ్న ఒక్కటే: ఇంతటి నీరు ఇంతకు మునుపు ఎప్పుడు వచ్చింది? కొలత పట్టికలు లేని చిన్న వంకలకు ఈ ప్రశ్న మరింత కఠినం. ఉష్ణదేశపు చెట్లలో అనేకం స్పష్టమైన పొరలు వేయవు. టేకు వేస్తుంది, నల్లమలలో టేకు ఉన్నది. చెట్టును నరకనక్కరలేదు; బోలుగా ఉండే సన్నని బర్మాతో పెన్సిలంత కడ్డీని తీస్తే చాలును. అటవీశాఖ అనుమతి మాత్రం ముందుగా పొందవలసి ఉంటుంది.