లెక్కల్ని పద్యాల్లో పెట్టిన పావులూరి మల్లన



లెక్కల పీరియడ్ అంటే మనలో చాలామందికి భయం. పద్యం అయితే మాత్రం అందరం గొంతెత్తి చదువుతాం. ఈ రెండింటినీ ఒకచోట కలిపిన మహానుభావుడు పావులూరి మల్లన.

ఆయన పుట్టి తొమ్మిది వందల ఏళ్ళు దాటింది. ఊరు కమ్మనాటిలోని పావులూరు. అది ఇంకొల్లు దగ్గర ఉంది. 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది, ఆ ఏడు బాపట్ల జిల్లాలోకి పోయింది. నన్నయ చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు మల్లన వంశానికి పిఠాపురం దగ్గర నవఖండవాడ అనే ఊరు ఇచ్చాడు.

ఆ రోజుల్లో పెద్ద లెక్కలన్నీ సంస్కృతంలోనే ఉండేవి. సంస్కృతం రానివాడికి ఆ చదువు అందేది కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెచ్చి ఊరుకోలేదు, తన లెక్కలు కూడా ఎన్నో చేర్చాడు. తెలుగులో మొదటి లెక్కల పుస్తకం అదే.

ఆయన పేరు చెప్పగానే గుర్తుకొచ్చేది చదరంగం లెక్క. బల్ల మీద 64 గళ్ళు. మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, తర్వాత 4, 8, ఇట్లా రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎన్ని? జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు! దీన్ని ఒక్క పద్యంలో పెట్టారు. అందులో చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్న. మొదటి మాట ఒకట్ల స్థానం, అక్కడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. పద్యం నోటికొస్తే తాటాకు లేకపోయినా సంఖ్య పోదు.

ఈ సంఖ్య గుణాలు చూడండి. చివర 5 ఉంది, కాబట్టి 5తో భాగం పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తోనూ పోతుంది, 9తో పోదు. పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యలు వస్తాయి. వీటిలో 641ని, 6700417ని గుణిస్తే 4294967297 వస్తుంది. ఫెర్మా అనే ఫ్రాన్సు పండితుడు దాన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. కాదు, 641తో భాగం పోతుందని 1732లో ఆయిలర్ చూపించాడు. ఎంత గొప్పవాడు చెప్పినా లెక్క చేసి చూడాల్సిందే!

మనలో కొందరి ఇంటి భాష తెలుగు కాదు. అర్థం కాని మాటలో చెబితే లెక్క ఎంత బరువో వాళ్ళకి బాగా తెలుసు. మల్లన దించింది ఆ బరువే. అందుకే ఆయన్ని తలుచుకోవాలి.

మీకో పని: మొదటి 3 గళ్ళ గింజలు కూడితే 7. అది నాలుగో గడిలోని 8 కన్నా ఒకటి తక్కువ. 10 గళ్ళ దాకా చేసి చూడండి. ఎప్పుడూ ఒకటే ఎందుకు తగ్గుతుందో రాత్రి స్టడీలో పక్కవాళ్ళకి చెప్పండి.