సామర్లకోటలో విచ్చిన మోదుగ: రాక్స్‌బరో, పేరు దక్కని చిత్రకారులు

ఫాల్గుణం వచ్చేసరికి జంషెడ్‌పూర్ పక్కనున్న దాల్మా కొండల్లో మోదుగ విరగబూస్తుంది. ఝార్ఖండ్ రాష్ట్ర పుష్పం అదే. టెల్కో కాలనీ నుంచి కెమెరా పట్టుకుని ఆ పువ్వు దగ్గరికి వెళ్లేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. చిలక ముక్కులా వంగిన రేకు కొన మీద ఫోకస్ పెడితే వెనకున్న నూగు తొడిమ మసకబారుతుంది. తొడిమను పట్టుకుంటే ముక్కు పోతుంది. అంత దగ్గర నుంచి లెన్స్ స్పష్టంగా చూపగలిగే లోతు కొన్ని మిల్లీమీటర్లే. అపెర్చర్‌ను బాగా తగ్గిస్తే ఆ లోతు కొంత పెరుగుతుంది కానీ, డిఫ్రాక్షన్ వల్ల ఫొటో మొత్తం పదును కోల్పోతుంది.

దీనికి విరుగుడు ఫోకస్ స్టాకింగ్. కెమెరాను స్టాండుకు బిగించి, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీస్తారు. ఒక్కో ఫొటోలో స్పష్టంగా ఉన్న భాగాన్నే తీసుకుని సాఫ్ట్‌వేర్ అన్నింటినీ ఒకటిగా కలుపుతుంది. మధ్యలో గాలికి పువ్వు కదిలితే శ్రమంతా వృథా. చివరికి దొరికే చిత్రంలోని పువ్వు ఏ ఒక్క ఫొటోలోనూ అలా ఉండదు. అయినా పువ్వు గురించి ఎక్కువ చెప్పేది ఆ చిత్రమే.

కెమెరా పుట్టకముందే ఈ ఆలోచన తెలుగు నేల మీద కాగితంపై అమలైంది. ఆ పని చేయించిన వ్యక్తి విలియం రాక్స్‌బరో.

స్కాట్లాండ్‌లోని అయిర్‌షైర్‌లో 1751లో పుట్టిన రాక్స్‌బరో ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం నేర్చుకున్నారు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరారు. 1781లో సామర్లకోటకు వచ్చారు. చేసేది సర్జన్ ఉద్యోగమే అయినా మనసంతా మొక్కల మీదే. లినేయస్ శిష్యుడు కోనిగ్‌తో ఆయనకు స్నేహం కుదిరింది. కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశారు. తర్వాత కొన్నేళ్లకు కర్ణాటక తీరంలో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడి పదవి రాక్స్‌బరోకు దక్కింది.

సామర్లకోట తోటలో మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క పెంచి చూశారు. చెరకు, నీలిమందు మీద పనిచేశారు. కంపెనీకి కావలసింది లాభం. మొక్కను గుర్తించడమంటే సరుకును గుర్తించడమే. అయితే ఆయన రాతల్లో లాభనష్టాల లెక్కలే కాదు, వాతావరణ కొలతలూ ఉన్నాయి. 1790 ప్రాంతంలో ఉత్తర సర్కారులను కరవు కబళించడం కళ్లారా చూసి, ఆకలి తీర్చే కొబ్బరి, పనస, అరటి లాంటివి విస్తారంగా నాటాలని కంపెనీకి సూచించారు.

ఈ పనులన్నింటికీ ఆధారం బొమ్మలు. ఎండబెట్టిన మొక్కలో రంగు పోతుంది, ఆకారం అణగిపోతుంది. అందుకే రాక్స్‌బరో స్థానిక చిత్రకారులను జీతమిచ్చి పెట్టుకున్నారు. కొమ్మను అసలు పరిమాణంలో గీయించడం ఆయన పద్ధతి. పువ్వును విప్పి రేకులు, కేసరాలు, అండాశయం విడివిడిగా, అవసరమైతే పెద్దవి చేసి అదే కాగితం మీద చూపేవారు. చిత్రకారుడి చూపు ఒక్కో భాగం మీద ఆగి, అన్నింటినీ సమానమైన స్పష్టతతో ఒకచోట చేర్చేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేసే పని అప్పుడు కన్ను, కుంచె చేశాయి.

కాగితానికి మరో వెసులుబాటు కూడా ఉంది. మోదుగ ఆకు రాల్చి పూస్తుంది. కొత్త చిగురు, కాయ ఆ తర్వాత వస్తాయి. అన్నింటినీ ఒకే రోజు చూడలేం. బొమ్మ మాత్రం రుతువులను కూడా ఒకచోట పేర్చగలదు. మోదుగ మీద రాక్స్‌బరో రాసిన వ్యాసం ఏషియాటిక్ సొసైటీ సంపుటాల్లో వచ్చింది.

1790 నాటికే 700 బొమ్మలు సిద్ధమయ్యాయి. వాటిలోంచి ఏరినవాటితో, సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో కోరమాండల్ తీరపు మొక్కలపై 300 చిత్రాల మూడు సంపుటాలు లండన్‌లో 1795 నుంచి 1820 దాకా వెలువడ్డాయి. మోదుగ మొదటి సంపుటంలోనే ఉంది. 1793లో రాక్స్‌బరో కలకత్తా శివపూర్ తోటకు అధిపతిగా వెళ్లారు. అక్కడా బొమ్మల పని ఆగలేదు. మొత్తం 2,500 దాటిన ఆ చిత్రాల ఒక సెట్ కోల్‌కతాలో, మరొకటి లండన్ సమీపంలోని క్యూ తోటలో ఉన్నాయి. ఆరోగ్యం చెడి 1813లో భారత్ విడిచిన ఆయన 1815లో ఎడిన్‌బరోలో మరణించారు. ఆయన గ్రంథం ఫ్లోరా ఇండికా ఆ తర్వాతే అచ్చయింది.

ఆయన పేరు పెట్టిన కొన్ని మొక్కలకు సరిపడా ఎండు నమూనాలు మిగల్లేదు. అలాంటిచోట ఆ జాతి ఏదో తేల్చడానికి శాస్త్రవేత్తలు నేటికీ ఆ బొమ్మలనే ఆశ్రయిస్తున్నారు. అంటే సామర్లకోటలో కుంచె పట్టినవారి చూపు ఇంకా సాక్ష్యం చెబుతూనే ఉంది.

కానీ ఆ సాక్షుల్లో ఎక్కువమంది ఎవరో తెలియదు. చెట్లను తెలుగువాళ్లు ఏమని పిలుస్తారో రాక్స్‌బరో శ్రద్ధగా రాసుకున్నారు. ఆ చెట్లను గీసినవారి పేర్లకు మాత్రం అచ్చు పుస్తకంలో చోటు దొరకలేదు. బీడీలు చుట్టే తునికి ఆకు చెట్టు శాస్త్రీయ నామం చివర నేటికీ రాక్స్‌బరో పేరు పొట్టి రూపంలో కనిపిస్తుంది. బొమ్మలో ప్రతి కేసరమూ స్పష్టంగానే ఉంది. మసకగా మిగిలింది దాన్ని గీసిన చెయ్యి ఒక్కటే.