కంటిని కాచే మాత్ర వెనుక మన సుబ్బారావు

అరవై దాటిన అమ్మకు కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు మసకబారిందనుకోండి. వయసు కదా, శుక్లమేలే అని ఊరుకోకండి. అది యువియైటిస్ కావచ్చు. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన తెల్ల రక్తకణాలే దారితప్పి కంటి మధ్య పొరలో చేరి వాపు తెస్తాయి. వదిలేస్తే చూపే పోవచ్చు. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడితే శుక్లం, నీటికాసులు రావచ్చు. అందుకే కొందరికి మెథోట్రెక్సేట్ మాత్ర రాస్తారు. దాని వెనుక ఉన్నది మన తెలుగు వైద్యుడే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేదరికం వెంటాడింది. స్ప్రూ అనే పేగు జబ్బు సోదరులను బలి తీసుకుంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడికి కోపం వచ్చింది. ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్‌తోనే బయటికొచ్చారు. తర్వాత బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలిసి కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నారు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందైంది. తర్వాత దాన్నే కొద్దిగా మార్చి కొత్త మందులు చేశారు. కణం వాటిని ఫోలిక్ యాసిడ్ అనుకుని తీసుకుంటుంది, ఇక విభజన చెందలేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు వాడింది ఈ కోవ మందులే. మెథోట్రెక్సేటూ వాటిలో ఒకటి.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అదే మందు తక్కువ మోతాదులో కీళ్లవాతాన్నీ, కంటి వాపునూ అదుపు చేయడం ఆయన చూడలేదు.

తుంగతుర్తి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో కొందరు, ఇది క్యాన్సర్ మందని ఎవరో చెప్పగానే మానేస్తుంటారు. చూపు మరింత తగ్గాక మళ్లీ వస్తారు. మీరు ఆ పని చేయకండి. కంటికి ఇచ్చే మోతాదు చాలా తక్కువ. అయితే ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి: ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఆ రోజేదో క్యాలెండర్‌లో రాసిపెట్టండి. డాక్టర్ చెప్పినప్పుడల్లా రక్తం, కాలేయ పరీక్షలు చేయించండి. మద్యం మానాలి. గర్భిణులు వాడకూడదు.

దుష్ప్రభావాలు తగ్గడానికి దీంతోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. దాన్ని మామూలు విటమినే కదా అని పక్కన పెట్టకండి. మందుతోపాటు దానికి కాపలా కూడా సుబ్బారావు బృందం ఇచ్చిందే.